లైసెన్సు లెక్కతో వేగం కొలవొద్దు

ప్రాసెసర్ల మీద చర్చ మొదలైతే చాలు, ఈమధ్య ఒక వాదన గట్టిగా వినిపిస్తోంది. బెంచ్‌మార్కులను నమ్మలేం, రివ్యూలు చేసేవాళ్లకు కంపెనీలే చిప్పులు ఊరికే పంపుతాయి, ఇక ప్రకటనల సంగతి సరేసరి. అందుకని ఎవరి ఇష్టాయిష్టాలూ అంటని అంకె ఒకటి కావాలి, అది మన కళ్లెదుటే ఉంది అంటారు. ఇంటెల్, ఏఎండీ లాంటి సంస్థలు అమెరికా ఎగుమతి నిబంధనల కోసం ఒక్కో ప్రాసెసర్‌కూ ఇచ్చే గిగాఫ్లాప్స్, ఏపీపీ విలువలే ఆ అంకెలు. సూత్రం ప్రభుత్వానిది. తప్పుడు లెక్క ఇస్తే చట్టం ఊరుకోదు. అన్ని చిప్పులకూ ఒకటే కొలత. రెండు చిప్పుల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని, ఏది పెద్దదైతే అది కొనుక్కోవడమేనట.

ఈ వాదన చేసేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. సగం నిజం వాళ్ల వైపే ఉంది, అందుకే ఇది ఇంతగా పాకింది. కళాశాల లాబ్‌లకు కంప్యూటర్లు కొనే కమిటీల్లోనూ, టెండరు పత్రాలు రాసేచోటా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల మార్కెట్లో కౌంటర్ మీద మోచేతులు ఆన్చి బేరమాడేవాళ్ల మధ్యా ఇదే మాట తిరుగుతోంది. అయినా సరే, ఇది తప్పు. అప్పుడప్పుడూ గురి తప్పే కొలమానమైతే సర్దుకుపోవచ్చు. ఇది అసలు వేగాన్ని కొలిచే సాధనమే కాదు. లారీ ఆర్‌సీ కార్డులో రాసిన మొత్తం బరువు చూసి ఆ బండి విజయవాడ ఎన్ని గంటల్లో చేరుతుందో చెప్పగలమా? ఆ అంకె అబద్ధం కాదు, అధికారికమే. కానీ అది రాసింది చెక్‌పోస్టు కోసం.

ఈ అంకె ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం. ప్రచ్ఛన్న యుద్ధం చివరి రోజుల్లో అమెరికాకూ దాని మిత్రులకూ ఒక చిక్కు వచ్చింది. అణ్వాయుధాల రూపకల్పనకూ, క్షిపణుల గతి లెక్కలకూ, సంకేత భాషలు ఛేదించడానికీ పనికొచ్చే పెద్ద కంప్యూటర్లు ఎవరి చేతికి వెళ్తున్నాయో కనిపెట్టాలి. ఓడరేవులో నిలబడ్డ అధికారి ప్రతి యంత్రం మీదా ప్రోగ్రాం నడిపి చూడలేడు. విడిభాగాల వివరాలు చదివి, కాగితం మీద గుణించి, ఇది గీతకు పైన ఉందా కింద ఉందా అని తేల్చుకునే సూత్రం కావాలి. అలా 1990 దశకం మొదట్లో వచ్చిందే సీటీపీ. దాని యూనిట్ ఎంటాప్స్, అంటే సెకనుకు ఎన్ని మిలియన్ల సైద్ధాంతిక లెక్కలు అని. అందులో చిప్పు వాడే పదం పొడవు లెక్కలోకి వస్తుంది: 64 బిట్ల లెక్కకు పూర్తి విలువ, 32 బిట్ల లెక్కకు మూడింట రెండొంతులు. ఒకే మెమరీని పంచుకునే ప్రాసెసర్లు ఎన్ని ఉన్నా మొదటిదానికి నిండు విలువ, మిగతావాటికి ఒక్కోదానికి ముప్పావు. ఆ ముప్పావు ఏ ప్రయోగశాలలోనో కొలిచింది కాదు, చర్చల బల్ల దగ్గర ఒప్పుకున్నది. సరిహద్దు గీయడానికి అది చాలు.

ఆ గీతకు అవతల నిలబడిన దేశాల్లో మనదీ ఒకటి. 1980లలో వాతావరణ అంచనాల కోసం మనం ఒక క్రే సూపర్ కంప్యూటర్ అడిగితే, ఏళ్ల తరబడి సంప్రదింపులు నడిచాక అడిగినదానికంటే చిన్నదైన ఎక్స్‌-ఎంపీ/14 ఢిల్లీకి వచ్చింది. ఆ ఒత్తిడిలోనే 1988లో పుణెలో ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ మొదలైంది. 1991లో అక్కడ పరమ్ 8000 సూపర్ కంప్యూటర్ తయారైంది. అదే రోజుల్లో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల అనురాగ్, విమానాల చుట్టూ గాలి ప్రవాహాన్ని లెక్కించడానికి పేస్ అనే సమాంతర కంప్యూటర్‌ను కట్టింది. 1996లో అమెరికా దేశాలను శ్రేణులుగా విడగొట్టినప్పుడు మనల్ని మూడో శ్రేణిలో వేసింది. మూడో శ్రేణిలో సైనిక అవసరాలకు 2,000 ఎంటాప్స్, పౌర అవసరాలకు 7,000 ఎంటాప్స్ దాటితే లైసెన్సు తప్పనిసరి. కాబట్టి ఈ అంకెల చరిత్ర మనకు పరాయి సంగతి కాదు. వాటికి భయపడిన చరిత్ర మనది, భక్తి పెంచుకోవాల్సిన అవసరం మాత్రం లేదు.

తర్వాత ఏమైందో చూడండి. 1990 దశకం మొదట్లో 195 ఎంటాప్స్ దాటితే సూపర్ కంప్యూటరే అన్నారు. 2002కు వచ్చేసరికి మూడో శ్రేణి దేశాలకు లైసెన్సు లేకుండా పంపదగిన హద్దును 1,90,000కు పెంచాల్సి వచ్చింది. సుమారు పదేళ్లలో గీత దాదాపు వెయ్యి రెట్లు పైకి పోయింది. మధ్యలో కామెడీ కూడా నడిచింది. 1999లో యాపిల్ తన పవర్ మ్యాక్ జీ4కు యుద్ధ ట్యాంకులతో టీవీ ప్రకటన చేసింది. అమెరికా ప్రభుత్వం మా కంప్యూటర్‌ను ఆయుధాల కోవలో వేసింది చూడండి అన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది జపాన్ ప్రభుత్వం ప్లేస్టేషన్ 2 అనే ఆట పెట్టెను సైనికంగా వాడదగిన వస్తువుల జాబితాలో పెట్టింది. లైసెన్సు అంకెను వేగానికి రుజువుగా అమ్ముకోవడం అప్పుడే మొదలైంది. మొదలుపెట్టింది ఇంజినీర్లు కాదు, ప్రకటనల విభాగం. ప్రకటనల మీద నమ్మకం లేదనే మన మిత్రులు పట్టుకువేలాడుతున్న అలవాటు అక్కడిదే.

ఎంటాప్స్ పనికిరాదని అమెరికా ప్రభుత్వ సంస్థలే ఒప్పుకున్నాక, 2006లో దాన్ని పక్కనబెట్టి ఏపీపీ తెచ్చారు. ఇవాళ ప్రాసెసర్ల పట్టికల్లో కనిపించేది ఇదే. సూత్రం చిన్నది. ఒక చిప్పు క్లాక్ ఒక్కసారి కొట్టుకునేలోపు 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ లెక్కలు ఎక్కువలో ఎక్కువ ఎన్ని చేయగలదో తీసుకో. క్లాక్ వేగంతో గుణించు. కోర్ల సంఖ్యతో గుణించు. ఇప్పుడు వెక్టర్ ప్రాసెసర్ అయితే 0.9తో, కాకపోతే 0.3తో మళ్లీ గుణించు. వచ్చిందే ఏపీపీ. యూనిట్ పేరు వెయిటెడ్ టెరాఫ్లాప్స్.

ఆ 0.3 దగ్గరే ఒక్క నిమిషం ఆగాలి. నిబంధన ప్రకారం వెక్టర్ ప్రాసెసర్ అంటే, ఒక్కోదానిలో కనీసం 64 సంఖ్యలు పట్టే రిజిస్టర్లు కనీసం ఎనిమిది ఉండాలి. ఇది పాత క్రే యంత్రాల ఆకారం. ఇంటెల్ ఏవీఎక్స్-512 రిజిస్టర్‌లో 64 బిట్ల సంఖ్యలు పట్టేది ఎనిమిదే. కాబట్టి మన డెస్క్‌టాప్, సర్వర్ చిప్పులన్నీ 0.3 గంపలోనే పడతాయి. అంటే ఒక రకం యంత్రానికి ఇంకో రకం మీద మూడు రెట్ల తేడాను సూత్రంలోనే, కావాలనే పెట్టారు. సంప్రదాయ సూపర్ కంప్యూటర్ తన శిఖరానికి దగ్గరగా నడుస్తుంది, మామూలు చిప్పులు నడవవు అన్న అంచనాతో పెట్టిన తూకపు రాయి అది. ఏ పక్షపాతమూ లేని అంకె అని పూజిస్తున్నదాని లోపల రాసి ఉన్నది ఒక పక్షపాతమే. విధాన నిర్ణయంగా అది తప్పేమీ కాదు. వేగానికి కొలత కాదు, అంతే.

సరే, ఏపీపీ వద్దు, ఆ తూకం వేయకముందున్న గిగాఫ్లాప్స్ చాలు అంటారా? ఇద్దరు అన్నదమ్ముల లాంటి చిప్పులు తీసుకుందాం. 2012 ఏప్రిల్‌లో వచ్చిన కోర్ ఐ7-3770కే: నాలుగు కోర్లు, 3.5 గిగాహెర్ట్జ్, ఒక క్లాక్‌కు ఎనిమిది లెక్కలు. గుణిస్తే 112 గిగాఫ్లాప్స్. 2013 జూన్‌లో వచ్చిన ఐ7-4770కే: అవే నాలుగు కోర్లు, అదే 3.5 గిగాహెర్ట్జ్, క్లాక్‌కు పదహారు లెక్కలు. మొత్తం 224. పద్నాలుగు నెలల్లోనే వేగం సరిగ్గా రెట్టింపు! ఇది నిజమైతే 2013లో పాత కంప్యూటర్లు తీసుకెళ్లి ఎక్స్‌ఛేంజ్‌లో పడేసి ఉండేవాళ్లం. అలాంటిదేం జరగలేదు. రోజువారీ పనుల్లో కొత్త చిప్పు పాతదానికంటే నూటికి ఓ పది పాళ్లు ముందుందంటే గొప్ప. ఆ ఏడాది వచ్చిన రివ్యూలు చాలావరకు పెదవి విరిచాయి.

మరి రెట్టింపు ఎటుపోయింది? కొత్త చిప్పులో గుణకారాన్నీ కూడికనూ కలిపి ఒకే ఆదేశంతో చేసే యూనిట్లు రెండు పెట్టారు. ఒక్కో యూనిట్ ఒకేసారి నాలుగు సంఖ్యల మీద పనిచేస్తుంది. గుణకారం ఒకటి, కూడిక ఒకటి అని రెండుగా లెక్కేస్తారు. రెండు యూనిట్లు, నాలుగు సంఖ్యలు, రెండు లెక్కలు, మొత్తం పదహారు. ఆ పదహారూ దక్కాలంటే మీ ప్రోగ్రాంలో ప్రతి క్లాక్‌కూ గుణకారం, కూడిక జంటలే ఉండాలి. అవి నాలుగేసి చొప్పున వరసగా అమరాలి. ఒకదాని జవాబు కోసం ఇంకొకటి ఆగకూడదు. కొత్త ఆదేశాలకు తగ్గట్టు దాన్ని మళ్లీ కంపైల్ చేసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సంఖ్యలన్నీ అప్పటికే చిప్పు చేతికి అంది ఉండాలి.

అసలు దెబ్బ ఈ చివరి షరతు దగ్గరే. శాస్త్రీయ ప్రోగ్రాముల్లో నిత్యం కనిపించే ఒక పని తీసుకోండి. ఒక పెద్ద వరసలోని సంఖ్యలను ఒక స్థిర సంఖ్యతో గుణించి, రెండో వరసతో కూడి, మూడో వరసలో రాయాలి. ఒక్కో అడుగుకూ లెక్కలు రెండు. కానీ రెండు సంఖ్యలు చదవాలి, ఒకటి రాయాలి. ఒక్కోటి ఎనిమిది బైట్లు కాబట్టి మొత్తం 24 బైట్ల రాకపోకలు. ఈ రెండు ప్రాసెసర్లకూ మెమరీ ఒకటే, రెండు ఛానెళ్ల డీడీఆర్3-1600. దాని దారి వెడల్పు సెకనుకు 25.6 గిగాబైట్లు. 25.6ను 24తో భాగించి రెండుతో గుణిస్తే వచ్చేది 2.13 గిగాఫ్లాప్స్. 224 గిగాఫ్లాప్స్ అని రాసుకున్న చిప్పు ఈ పనిలో నూటికి ఒక పాలు కూడా ఇవ్వలేదు. పాత చిప్పు ఎంత ఇస్తుంది? సరిగ్గా అదే 2.13. కాగితం మీది రెట్టింపు ఇక్కడ సున్నా. వరసలు క్యాష్‌లో పట్టనంత పెద్దవైతే ఈ జవాబు ఎవరూ మార్చలేరు. చిప్పు లోపల యూనిట్లు ఎన్ని పేర్చినా అవి మెమరీ వైపు చూస్తూ ఖాళీగా కూర్చుంటాయి. ఎగుమతి సూత్రంలో మెమరీ అన్న మాటకే చోటు లేదు.

ఇక్కడ ఒక పెద్దమనిషి తరహా సమాధానం వస్తుంది: ఖచ్చితంగా ఎన్ని రెట్లో చెప్పలేకపోయినా, ఏది ముందు ఏది వెనక అన్న వరస అయినా సరిగా చెబుతుంది కదా అని. వరస కూడా చెప్పదు. 2017 జనవరిలో ఇంటెల్ కోర్ ఐ7-7700కే వచ్చింది: నాలుగు కోర్లు, 4.2 గిగాహెర్ట్జ్, క్లాక్‌కు పదహారు, మొత్తం 268.8 గిగాఫ్లాప్స్. మార్చిలో ఏఎండీ రైజెన్ 7 1800ఎక్స్ వచ్చింది: ఎనిమిది కోర్లు, 3.6 గిగాహెర్ట్జ్, క్లాక్‌కు ఎనిమిది, మొత్తం 230.4. పట్టిక ప్రకారం ఇంటెల్ చిప్పే గెలవాలి. అయితే త్రీడీ బొమ్మలు రెండర్ చేసే సినీబెంచ్‌లో, కోర్లన్నీ పనిచేసినప్పుడు, రైజెన్ దాదాపు ఒకటిన్నర రెట్లు ముందుంది. ఆటల్లో మాత్రం ఎక్కువగా ఇంటెల్ చిప్పే ముందుంది, అది దాని గిగాఫ్లాప్స్ చలవ కాదు, ఒక్కో కోర్ చురుకుదనం వల్ల. అంకె చెప్పిన వరస ఒకచోట తలకిందులైంది, రెండోచోట కాకతాళీయంగా కుదిరింది.

ఇంకా విడ్డూరమైనది కావాలంటే గ్రాఫిక్స్ కార్డుల వైపు రండి. ఏపీపీ లెక్కపెట్టేది 64 బిట్ల లెక్కలను మాత్రమే. 2012లో ఎన్‌విడియా చేసిన టెస్లా కే20ఎక్స్, ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలోని టైటాన్ సూపర్ కంప్యూటర్‌లో వేల సంఖ్యలో వాడిన కార్డు. దాని 64 బిట్ల శిఖరం 1.31 టెరాఫ్లాప్స్. పదేళ్ల తర్వాత 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 శిఖరం 1.29. ఈ కొలత ప్రకారం పదేళ్ల పాత కార్డే మేలు. 32 బిట్ల లెక్కల్లోకి వెళ్తే పాతది 3.95 టెరాఫ్లాప్స్, కొత్తది 82.6. మీరు సినిమా ఎడిట్ చేసినా, ఆట ఆడినా, కృత్రిమ మేధ నమూనా నడిపినా అక్కరకొచ్చేది రెండో వరసే. మన కంప్యూటర్లలో రోజంతా జరిగే పనుల్లో ఎక్కువ వాటికి 64 బిట్ల దశాంశ లెక్కలతో సంబంధమే ఉండదు. బ్రౌజర్ పేజీ తెరవడం, డేటాబేస్‌లో వెతకడం, కోడ్ కంపైల్ చేయడం, ఇవన్నీ పూర్ణాంకాలు, షరతులు, మెమరీలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతులు. బ్యాంకు సర్వర్ కొనే అధికారి గిగాఫ్లాప్స్ పట్టిక చూసి సంతకం పెడుతున్నాడంటే, ఆ సర్వర్ జీవితంలో ఎన్నడూ చేయని పనిలో అది ఎంత దిట్టో చూసి పెడుతున్నాడన్నమాట.

క్లాక్ సంగతి కూడా చెప్పాలి. సూత్రంలో క్లాక్ వేగం ఒకటే. కానీ నేటి చిప్పుకు ఒక్క వేగం ఎక్కడిది? ఇంటెల్ జియాన్ ప్లాటినం 8180 పెట్టె మీది వేగం 2.5 గిగాహెర్ట్జ్, కోర్లు 28, క్లాక్‌కు లెక్కలు 32. గుణిస్తే 2,240 గిగాఫ్లాప్స్. అయితే ఆ 32 లెక్కలు నిజంగా చేయించడానికి ఏవీఎక్స్-512ను బరువుగా వాడితే చిప్పు వేడెక్కుతుంది, కనీస హామీ వేగం 1.7 గిగాహెర్ట్జ్‌కు దిగుతుంది. అప్పుడు లెక్క 1,523. అంటే ఆ వేగమూ ఆ లెక్కలూ రెండూ కలిపి దక్కుతాయన్న హామీ కంపెనీయే ఇవ్వదు. లైసెన్సు అధికారికి ఇదేం ఇబ్బంది కాదు. ఈ చిప్పు ఇంతకు మించి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయలేదు అన్న హామీ ఒక్కటే ఆయనకు కావాలి. కొనేవాడికి కావలసింది కనీసం ఇంత చేస్తుంది అన్న హామీ. ఒకటి పైకప్పు, ఇంకొకటి నేల.

ఇప్పుడు అవతలి పక్షం చేతిలో ఉన్న పదునైన ఆయుధం గురించి. బెంచ్‌మార్కుల్లో మోసాలు లేవా? ఉన్నాయి. ప్రాసెసర్ల పరీక్షలకు ప్రామాణికమని పేరున్న స్పెక్ సంస్థ 2024లో ఇంటెల్ కంపైలర్‌లో ఒక పరీక్షకు మాత్రమే లాభించేలా ఉన్న ప్రత్యేక ఏర్పాటును గుర్తించింది. దానితో వచ్చిన 2,600కు పైగా ఫలితాల పక్కన వాటిని నమ్మొద్దన్న గుర్తు పెట్టింది. ఇంతకంటే పెద్ద పరువు నష్టం ఏముంటుంది? కానీ ఈ కథ ఎలా ముగిసిందో గమనించండి. మోసం బయటపడింది. పరీక్ష ఏమిటో, కంపైలర్ ఏదో, సెట్టింగులేవో అన్నీ బహిరంగంగా ఉండబట్టే బయటపడింది. సైద్ధాంతిక అంకె ఎన్నడూ అలా దొరికిపోదు, నిజమే. ఎందుకంటే అది దేన్నీ కొలవదు. కొలవనిదానికి కొలతలో తప్పు రాదు. దాన్ని నిజాయితీ అనుకుని మురిసిపోతే మనకే నష్టం.

సూపర్ కంప్యూటర్ల లోకం ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. అక్కడ శిఖర అంకె పక్కన లిన్‌ప్యాక్ అనే పరీక్షలో నిజంగా వచ్చిన అంకె వేస్తారు. అదీ చాలదని మెమరీని గట్టిగా పరీక్షించే హెచ్‌పీసీజీ అనే ఇంకో పరీక్ష తెచ్చారు. లిన్‌ప్యాక్ పితామహుడు జాక్ డోంగారా స్వయంగా ఈ రెండోదాని రూపకర్తల్లో ఒకరు. 2022లో అమెరికా ఫ్రాంటియర్ యంత్రం లిన్‌ప్యాక్‌లో 1,102 పెటాఫ్లాప్స్ చేసి మొదటి స్థానానికి ఎక్కింది. జపాన్ ఫుగాకు చేసింది 442. హెచ్‌పీసీజీలో ఫుగాకు 16, ఫ్రాంటియర్ 14. లిన్‌ప్యాక్‌లో రెండున్నర రెట్లు ముందున్న యంత్రం ఇక్కడ వెనకబడింది. ఇంకోటి చూడండి, ఫుగాకు శిఖర అంకె 537 పెటాఫ్లాప్స్. అందులో 16 అంటే నూటికి మూడు పాళ్లు. ప్రపంచంలోకెల్లా చేయి తిరిగిన ప్రోగ్రామర్లు, నెలల తరబడి సాన పట్టాక దక్కింది మూడు పాళ్లు. మన కాలేజీ లాబ్‌లో నడిచే ప్రోగ్రాంకు ఎన్ని పాళ్లు దక్కుతాయో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. ఇక్కడ వ్యవహారం ఇంకా ముదిరింది. 2022 అక్టోబర్‌లో అమెరికా చైనాకు కృత్రిమ మేధ చిప్పులు వెళ్లకుండా కొత్త కొలత తెచ్చింది, తర్వాత దానికి పెట్టిన పేరు టీపీపీ. సెకనుకు చేసే లెక్కల సంఖ్యను టెరాల్లో తీసుకుని, ఒక్కో లెక్క బిట్ల పొడవుతో గుణిస్తారు. గీత 4,800 దగ్గర గీశారు. ఎన్‌విడియా ఏ100 విలువ 312 ఇంటూ 16, అంటే 4,992. దాంతోపాటు చిప్పుల మధ్య సంభాషణ వేగానికి 600 గిగాబైట్ల హద్దు పెట్టారు. రెండూ దాటితేనే నిషేధం. వెంటనే ఎన్‌విడియా ఆ సంభాషణ వేగాన్ని 400కు కోసి ఏ800, హెచ్800 అనే చిప్పులు తయారుచేసింది. టీపీపీ విలువలో హెచ్800కూ హెచ్100కూ తేడా లేదు. హెచ్800లు 2,048 వాడి తన వీ3 నమూనాకు శిక్షణ ఇచ్చిన చైనా సంస్థ డీప్‌సీక్, 2024 డిసెంబర్‌లో ఒక నివేదిక రాసింది. చిప్పులోని 132 గణన విభాగాల్లో 20ని లెక్కలకు కాక కేవలం సమాచారం అటూఇటూ చేరవేయడానికి కేటాయించామని అందులో ఉంది. టీపీపీలో ఆ ఇరవై కూడా లెక్కలు చేస్తున్నట్టే కనిపిస్తాయి.

2023 అక్టోబర్‌లో నిబంధన బిగించారు. సంభాషణ వేగం తీసేసి, చిప్పు విస్తీర్ణానికి ఎంత టీపీపీ అన్న సాంద్రత లెక్క చేర్చారు. కొంత సాంద్రత దాటిన చిప్పులకు కొత్తగా 2,400 దగ్గర ఇంకో మెట్టు వచ్చింది. ఎన్‌విడియా హెచ్20 తెచ్చింది. దాని టీపీపీ 148 ఇంటూ 16, అంటే 2,368. గీతకు ముప్పైరెండు తక్కువ! హెచ్100 విలువ సుమారు 15,800. కాగితం ప్రకారం హెచ్20 దానిలో ఆరో వంతుకు కూడా తూగదు. కానీ మెమరీ దారి హెచ్100లో సెకనుకు 3.35 టెరాబైట్లు, హెచ్20లో 4 టెరాబైట్లు. మెమరీ అక్కడ 80 గిగాబైట్లు, ఇక్కడ 96.

దాని పర్యవసానం చిన్న లెక్కలో చూడండి. ఏడు వేల కోట్ల పరామితుల భాషా నమూనాను 8 బిట్లలో పెడితే 70 గిగాబైట్లు. ఒక వాడుకరికి జవాబు రాసేటప్పుడు ప్రతి పదశకలానికీ ఆ 70 గిగాబైట్లూ మెమరీ నుంచి చదవాలి. హెచ్100లో దానికి దాదాపు 21 మిల్లీసెకన్లు, హెచ్20లో పదిహేడున్నర. దానికి కావలసిన లెక్కలు చేయడానికి హెచ్20కి పట్టేది అర మిల్లీసెకనే. అంటే ఆరో వంతు చిప్పు అని ముద్రపడింది ఈ పనిలో అసలు చిప్పును దాటిపోతుంది. వందలమంది ప్రశ్నలను ఒకేసారి కలిపి నడిపినా, కొత్త నమూనాకు శిక్షణ ఇచ్చినా పరిస్థితి మారుతుంది, అక్కడ హెచ్100 దరిదాపుల్లోకి హెచ్20 రాలేదు. నేను చెబుతున్నదీ అదే. ఏ పని అన్న ప్రశ్న లేకుండా ఏది వేగం అన్న ప్రశ్నకు జవాబు లేదు. పని పేరే ఎత్తని అంకెతో ఆ జవాబు ఎలా వస్తుంది?

2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం హెచ్20కి కూడా లైసెన్సు కావాలంది. ఈసారి పట్టించుకున్నది లెక్కల శక్తిని కాదు, మెమరీ దారినీ సంభాషణ వేగాన్నీ. ఎన్‌విడియా 550 కోట్ల డాలర్ల వరకూ నష్టం రాసుకోవాల్సి వస్తుందని ప్రకటించింది. కొన్ని నెలలకే సడలింపు మాటలు మొదలయ్యాయి, అది రాజకీయం, మనకు ఇక్కడ అనవసరం. కావలసింది ఒక్కటే: గీత గీసిన ఆఫీసుకే తన అంకె చాలలేదు. చెక్‌పోస్టు పనికే సరిపోని సాధనాన్ని మనం పరుగు పందెంలో స్టాప్‌వాచ్‌గా వాడుతున్నాం. పైగా ఆ గీతను చూసుకుంటూ చిప్పులను ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ పెంచాలో కంపెనీలు నిర్ణయిస్తున్నాయి. కంపెనీల ప్రమేయం లేని అంకె అన్న వాదన ఇంక ఎక్కడ నిలబడుతుంది?

సైద్ధాంతిక శిఖరం ఎందుకూ కొరగాదని అనడం లేదు. ఒకే తరం, ఒకే డిజైన్ చిప్పులను పోల్చేటప్పుడు అది ఒక అంచనా ఇస్తుంది. మీ ప్రోగ్రాం శిఖరానికి ఎంత దూరంలో ఉందో తెలిస్తే ఎక్కడ సరిదిద్దుకోవాలో అర్థమవుతుంది. 2009లో విలియమ్స్, వాటర్‌మన్, ప్యాటర్సన్ ప్రతిపాదించిన రూఫ్‌లైన్ పద్ధతి చేసేది ఇదే. కానీ వాళ్లు శిఖరం పక్కన మెమరీ దారిని కూడా గీశారు, మీ పని ఒక్కో బైటుకు ఎన్ని లెక్కలు చేస్తుందో అడిగారు. మూడింటిలో ఒకటే పట్టుకుని తీర్పు చెప్పమని వాళ్లు ఎవరికీ చెప్పలేదు.

కొనుగోలు కమిటీల్లో కూర్చునేవాళ్లకూ, టెండరు షరతులు రాసేవాళ్లకూ నా విన్నపం ఒకటే. కనీసం ఇన్ని గిగాఫ్లాప్స్ ఉండాలి అన్న వాక్యాన్ని మీ పత్రాల్లోంచి కొట్టేయండి. ఆ షరతు పెద్ద అంకె ఉన్న చిప్పుకు తలుపు తీస్తుంది, మీ పనికొచ్చే చిప్పును బయటే నిలబెడుతుంది. దాని బదులు మీ దగ్గర రోజూ నడిచే ప్రోగ్రాములు రెండు మూడు, అసలు డేటాతో సహా అమ్మేవాళ్లకు ఇవ్వండి. ఎంతసేపట్లో ముగిసింది, ఎంత కరెంటు కాలింది, ఎంత డబ్బు అయింది, ఈ మూడూ రాసివ్వమనండి. నడిపి చూపించలేం, పట్టిక చూసుకోండి అనేవాడి దగ్గర కొనకండి.